పక్కనుంచి తీసిన ఫోటో

మా నాయినకు మెడ తిరిగేది కాదు. ఎవరైనా పక్కనుంచి పిలిస్తే, నిలబడ్డ చోటే పాదాలు కొద్దికొద్దిగా జరుపుకుంటూ మనిషి మొత్తం అటువైపు తిరగాల్సి వచ్చేది. అంతలో పిలిచినవాళ్లు తమ దారిన తాము పోయేవాళ్లు. నడుము ముందుకు వంగి బిగుసుకుపోవడంతో ఎదుటి మనిషి ముఖం చూడాలంటే కళ్లు మాత్రమే పైకెత్తేవాడు. తెలియనివాళ్లకు అది కోపపు చూపులా కనిపించేది. నిజానికి ఆయనంత నెమ్మదస్తుడు మా వాడలో ఇంకొకరు లేరు.

వయసులో ఉన్నప్పుడు ఆయన బోరు బండి మీద కూలి చేశాడు. మోత్కూరు చుట్టుపక్కల ఊళ్లలో ఆయన పైపులు మోయని బోరు తక్కువ. మాకు గుంట భూమి లేదు. తాతల కాలం నుంచి ఇంకొకరి పొలంలో పని చేసి బతికిన ఇల్లు మాది. చర్చికి పోవడం మొదలయ్యాక, దాని పక్కనే ఉన్న బడికి పోవడం కూడా మొదలైంది. బోరులో నీళ్లు పడి పైకి తన్నినప్పుడు మొదట తాగేది బండి కూలీలేనట. "రాతి కింది నీళ్లు బిడ్డా, మస్తు సల్లగుంటయి. దోసిళ్లు పట్టుకోని తాగేటోళ్లం," అని చెప్పేవాడు. ఆ నీళ్లలో ఫ్లోరైడ్ ఉందనీ, అది ఎముకల్లో చేరి కూర్చుని వాటిని బిగుసుకుపోయేలా చేస్తుందనీ ఆయనకు ఎవరూ చెప్పలేదు. చెప్పినా తాగడానికి వేరే నీళ్లు ఎక్కడున్నాయి?

నా పళ్ల మీద కూడా గోధుమరంగు చారలున్నాయి. నవ్వేటప్పుడు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకోవడం ఆడపిల్లలందరి అలవాటు అనుకునేదాన్ని. డిగ్రీ చదవడానికి నల్లగొండ పోయాక, హాస్టల్లో వేరే ప్రాంతాల పిల్లలు నోరంతా తెరిచి నవ్వడం చూశాకగానీ అది మా ఊళ్ల అలవాటని తెలియలేదు.

ఎమ్మెస్సీ అయ్యాక, రాష్ట్రం వచ్చిన కొత్తలో హైదరాబాదులోని ఒక పరిశోధన సంస్థలో పిహెచ్‌డి ఇంటర్వ్యూకు వెళ్లాను. బల్లకు అవతల కూర్చున్నవాళ్లలో ముగ్గురు ఇంగ్లీషులో అడిగారు. నేను సగం సగం చెప్పాను. నాలుగో ఆయన తెలుగులో అడిగాడు.

"నీళ్ల మీదే ఎందుకు చేద్దామనుకుంటున్నావమ్మా?"

నేను జవాబు చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి ఆపాడు. "సరే, చెప్పక్కర్లేదు. నీ పళ్లే నీ మొదటి రిఫరెన్సు," అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాను. ఆ సారే నాకు గైడ్ అయ్యారు. ఆ రోజు ఆయన లేకపోతే నాకు సీటు వచ్చేది కాదు. ఆ మాట ఇప్పటికీ ఎవరి ముందైనా చెప్తాను.

సార్ ల్యాబులో మూడు రకాల పనులు జరిగేవి. అన్నింటికీ మూలం ఒకటే. ఒక పదార్థాన్ని కంటికే కాదు, మామూలు సూక్ష్మదర్శినికి కూడా కనపడనంత చిన్న రేణువులుగా చేస్తే దాని గుణం మారిపోతుంది. ఒక మూలన బంగారు రేణువులతో కాగితపు పట్టీలు చేసేవాళ్లు. నీళ్లలో ముంచితే, ఫ్లోరైడ్ ఎక్కువుంటే ఎర్రటి పట్టీ నీలంగా మారుతుంది. ఇంకో గదిలో ఎముకలో ఉండే పదార్థాన్నే పొడిగా చేసి, విరిగిన ఎముకల మధ్య పెడితే త్వరగా అతుక్కుంటాయా అని కుందేళ్ల మీద చూసేవాళ్లు. నాది మూడోది. అల్యూమినియం ఆక్సైడును మెత్తటి పొడిగా, లోపలంతా చిల్లులుండేలా తయారుచేసి దానితో నీళ్లలోని ఫ్లోరైడును పట్టుకోవాలి.

ఇంటికి పోయినప్పుడు అమ్మకు ఇది చెప్పడానికి చాలా కష్టపడ్డాను. ఆమె జొన్నపిండి కలుపుతోంది. "ఇప్పుడు చూడు, గింజ మీద నీళ్లు పోస్తే పైన మాత్రమే తడుస్తది. పిండి చేసి పోస్తే అంతట తడుస్తది. మాది పిండి కన్న మెత్తగుంటది," అన్నాను.

"అయితే గిర్నీల పిండి పట్టినట్టేనా నీ సదువు?" అంది అమ్మ. నాయిన మంచం మీద కూర్చుని కిందికి చూస్తూనే నవ్వాడు.

మొదటి ఏడాది నా పొడి బ్రహ్మాండంగా పనిచేసింది. ల్యాబు నీళ్లలో. శుద్ధమైన నీళ్లలో మేమే ఫ్లోరైడ్ కలుపుకుని, మేమే తీసేసేవాళ్లం. నాకు అనుమానం వచ్చి ఊరినుంచి ఒక క్యాను నీళ్లు తెచ్చాను. అదే పొడి ఆ నీళ్లలో చతికిలబడింది. మా ఊరి నీళ్లలో ఫ్లోరైడ్ ఒక్కటే లేదు. సోడాలాంటి లవణాలున్నాయి, ఇసుకలోంచి కరిగివచ్చినవి ఉన్నాయి. అవన్నీ ముందే పోయి పొడిలోని చిల్లుల్లో కూర్చునేవి. ఫ్లోరైడుకు జాగా మిగిలేది కాదు.

అప్పటినుంచి ఇంటికి పోయిన ప్రతిసారీ క్యాన్లు మోశాను. అమ్మ బోరు దగ్గర నింపి, మూతకు గుడ్డ చుట్టి ఇచ్చేది. మోత్కూరులో బస్సెక్కి, ఉప్పల్‌లో దిగి, సిటీ బస్సు మారేదాన్ని. ఒకసారి కండక్టరు క్యాన్లు చూసి లగేజీ టికెట్టు కొట్టబోయాడు.

"ఏమున్నయమ్మా గిండ్ల, పాలా?"

"నీళ్లన్నా."

"నీళ్లా? హైదరాబాదుల నీళ్లు లేవా, మా నల్లగొండ నీళ్లు మోస్కపోతున్నవు?" బస్సంతా నవ్వింది. వెనక సీట్లోంచి ఒక ముసలాయన, "తీస్కపో బిడ్డా, వాళ్లను గూడ తాగనియ్యి," అన్నాడు. ఆయన మోకాళ్లు రెండూ బయటికి వంగి ఉన్నాయి.

పొడికి ఇంకో లోహం కలిపి, కాల్చే పద్ధతి మార్చి, ఎన్నో రకాలు చేశాక చివరికి ఒకటి మా ఊరి నీళ్లలో నిలబడింది. గొట్టంలోంచి వచ్చిన నీళ్లలో పట్టీ ముంచితే ఎర్రగానే ఉండిపోయింది. మళ్లీ ముంచాను. ఎర్రగానే ఉంది. ఆ రోజు నాకు ఏడుపొచ్చింది. సార్ నా భుజం తట్టి, "ఫీల్డుకి వెళ్దాం. మీ ఊరే వెళ్దాం," అన్నారు.

అలా సార్, ఇద్దరు ల్యాబు పిల్లలు, నేను జీపులో మా ఊరికి పోయాం. సార్ మా ఇంట్లో నులకమంచం మీద, నాయిన పక్కనే కూర్చున్నారు. అమ్మ ఇచ్చిన నీళ్లు వద్దనకుండా తాగారు. అది చూసి వాడలో ఆయన మీద గౌరవం పెరిగింది. నాకూ పెరిగింది. నాయిన తన నొప్పుల గురించి చెప్పుకుంటే ఓపికగా విన్నారు. మాటల్లో, "మా ల్యాబులో ఎముకలకు కూడా మందు తయారుచేస్తున్నామండీ. కుందేళ్లలో బాగా పనిచేస్తోంది," అన్నారు. మర్యాదకు అన్న మాట. నేను వెంటనే నాయినకు చెప్పాను, అది విరిగిన ఎముకలకు నాయినా, నీకు కాదు అని.

"నావి గూడ ఇరిగినట్టే గద బిడ్డా," అన్నాడు నాయిన.

తర్వాత నేను, ల్యాబు పిల్ల ఒకతె సీసాలు తీసుకుని బోర్ల దగ్గరికి పోయాం. మేం తిరిగొచ్చేసరికి అమ్మ గడపలో నిలబడి ఉంది. "మీ నాయినను అంగి ఇప్పించి ఫోటో తీసిన్రు," అని నెమ్మదిగా చెప్పింది. గోడ పక్కన నిలబెట్టి, పక్కనుంచి తీశారట. లుంగీ మాత్రమే ఉంచి.

"నువ్వు వద్దనకపోయినవా?"

"మందుకు గావాలె అన్నరు గదే. మీ నాయిన తనంతల తనే ఇప్పిండు."

మందుకు అని వాళ్లు అనలేదు. నేను సార్‌ను అడిగాను. "ఉపయోగపడుతుంది, ఒక ఫోటో తీసుకుంటాం" అన్నారట. ఏ ఉపయోగమో నాయిన తనకు తోచినట్టు అర్థం చేసుకున్నాడు.

కొన్ని నెలలకు బడి గోడ పక్కన మా ప్లాంటు లేచింది. స్టీలు డ్రమ్ములు రెండు, మధ్యలో నా పొడి నింపిన గొట్టాలు, పైన రేకుల కప్పు. ప్రారంభం రోజు టెంటు వేశారు. నగరం నుంచి పెద్దమనుషులు వచ్చారు. పట్టీల్లో బంగారం ఉందని ఎవరో చెప్పారు. ఆడవాళ్లంతా నా చుట్టూ చేరారు. "గీ కాగితాలు ఎన్ని కరగబెడ్తె ముక్కుపుల్ల అయితదే?" అని మా మేనత్త అడిగింది. అందరం నవ్వుకున్నాం. అంత సంతోషంగా ఉన్న రోజు మా వాడలో మళ్లీ చూడలేదు.

మొదటి గ్లాసు నాయినకే ఇచ్చారు. ఫోటోగ్రాఫరు ఎదురుగా వంగి, "కొంచెం తల పైకెత్తండి పెద్దాయనా. ఇంకొంచెం. కెమెరా వైపు," అంటున్నాడు. నాయిన కళ్లు పైకెత్తాడు. తల లేవలేదు. "తల ఎత్తండి," అన్నాడు మళ్లీ.

"ఎత్తగలిగితే మీరంత గిక్కడికి ఎందుకొస్తరు సారూ?" అంది అమ్మ.

ముందు సార్ నవ్వారు. అందరూ నవ్వారు.

ప్లాంటు పనిచేసింది. అది చెప్పకపోతే అబద్ధమవుతుంది. బడిపిల్లలు రోజూ పట్టీ ముంచి ఎర్రగుందని అరిచేవాళ్లు. పక్క వాడలవాళ్లు, ఎప్పుడూ మా వైపు రానివాళ్లు, బిందెలు పట్టుకుని మా వరసలో నిలబడ్డారు. నేను మా ఊళ్లో మొదటిసారి తల ఎత్తుకుని నడిచాను. ఎత్తగలిగే మెడ నాకుంది కదా.

ప్రాజెక్టు గడువు ముగిసింది. పొడిలోని చిల్లులు నిండిపోతే దాన్ని తీసి కడిగి మళ్లీ ఎక్కించాలి, లేదా కొత్తది వెయ్యాలి. ఒకరోజు బడిలో పంతులమ్మ ఫోను చేసింది. "మేడం, పట్టీ నీలం అయితుంది. పిల్లలు భయపడుతున్రు." నేను సార్ గదికి పరుగెత్తాను.

"అది డెమో అమ్మా," అన్నారు సార్. "పనిచేస్తుందని చూపించాం. పేపరు వచ్చింది, పేటెంటు వచ్చింది. మనం చేసేది అంతవరకే. మిగతాది వాళ్లు చూసుకోవాలి."

"వాళ్లంటే ఎవరు సార్?"

ఆయన కంప్యూటరు వైపు తిరిగారు. "నగరంలో ఒక కంపెనీ మన పొడి తీసుకుంటోంది. ఇళ్లలో పెట్టుకునే ఫిల్టర్లు చేస్తారట. అది మార్కెట్లోకి వస్తే అప్పుడు మీ ఊరికి కూడా వస్తుంది," అన్నారు.

అది వచ్చింది. ఒక కొత్త షాపింగ్ మాల్లో, అద్దాల వెనకాల చూశాను. పక్కన ఒక సినిమావాళ్ల అమ్మాయి నీళ్లగ్లాసు పట్టుకుని నవ్వుతున్న బొమ్మ. పళ్లు తెల్లగా ఉన్నాయి. ఆ నగరంలో నది నీళ్లు తాగేవాళ్లకు ఫ్లోరైడ్ ఎక్కడిదని నన్ను నేనే ప్రశ్నించుకున్నాను.

మా ఊరికి మాత్రం నది నీళ్లే వచ్చాయి. రోడ్లు తవ్వి, పైపులు వేసి, ఇంటింటికీ నల్లా పెట్టారు. అమ్మ పప్పు ఒక్క ఉడుకులో మెత్తబడిందని ఫోనులో ఆశ్చర్యంగా చెప్పింది. అందులో నానో రేణువులు లేవు, నా చదువు లేదు. ఎక్కడో ఉన్న నీళ్లను ఇక్కడికి తెచ్చారు, అంతే. మా తాతల కాలంలోనే చెయ్యాల్సిన పని. నేను సంతోషించాను. మా ప్లాంటు కప్పు కింద మధ్యాహ్నం ఎండకు గొర్లు నిలబడటం మొదలైంది. నాయిన ఎముకలు మాత్రం తీసుకున్నది తిరిగి ఇవ్వలేదు. ఏ నీళ్లు తాగినా అది వెనక్కి పోదు.

నాయిన ఫోనులో ఎప్పుడూ ఒకటే అడిగేవాడు. "మీ సారు మందు సంగతి ఏమన్న అన్నడా?" కాదు నాయినా, నీకు పనికిరాదని చెప్పేదాన్ని. "సరే తియ్యి," అనేవాడు. మళ్లీ వారం అదే అడిగేవాడు.

పిహెచ్‌డి పూర్తయ్యాక ఒక పెద్ద హోటల్లో జరిగిన సదస్సుకు వెళ్లాను. ఎక్కడో వేరే రాష్ట్రం నుంచి వచ్చిన ఒక అమ్మాయి తన పరిశోధన చెప్తోంది. నీళ్లకు సంబంధమే లేదు, ఆమె చేసేది ఏదో కొత్తరకం సెన్సరు. మొదటి స్లైడు తెరమీద పడింది. గోడంత ఎత్తున మా నాయిన నిలబడి ఉన్నాడు. పక్కనుంచి. వెన్ను విల్లులా వంగి, పక్కటెముకలు కనపడుతూ, లుంగీ ముడి జారిపోతుందేమోనని ఒక చెయ్యి అక్కడ పెట్టుకుని. కళ్ల మీద నల్లటి పట్టీ. వెనకాల మా ఇంటి గోడ, అమ్మ వేసిన ముగ్గు గీతలు కూడా కనపడుతున్నాయి.

ఆ అమ్మాయి ఇంగ్లీషులో, "ఇది ఒక సాధారణమైన కేసు," అని స్లైడు మార్చేసింది. నాయిన తెరమీద ఉన్నది రెండు ఊపిరులు తీసేంతసేపే.

టీ విరామంలో ఆమెను పట్టుకున్నాను. ఆ ఫోటో ఎక్కడిదని అడిగాను. సార్ రాసిన ఒక వ్యాసంలోంచి తీసుకున్నానని చెప్పింది. "చాలామంది వాడుతున్నారు. అందులో తప్పేమైనా ఉందా?" అంది. ఆయన మా నాన్న అని చెప్పాను. ఆ పిల్ల టీకప్పు పక్కన పెట్టేసింది. అక్కడికక్కడే ల్యాప్‌టాప్ తెరిచి తీసేసింది. ఆమె మీద నాకు కోపం రాలేదు.

సార్ దగ్గరికి పోయాను. ఆయన నన్ను కూర్చోమన్నారు.

"నీ బాధ నాకు అర్థమవుతుందమ్మా. కానీ మీ నాన్నగారిని అడిగే తీశాం కదా. ముఖం కూడా కనపడకుండా పట్టీ వేశాం."

"మా ఊళ్లో ఎవరికి చూపించినా ఆ పట్టీ కింద ఎవరున్నారో చెప్తారు సార్."

"మీ ఊరివాళ్లెవరూ ఈ సదస్సులకు రారు కదమ్మా."

"నేనొచ్చాను సార్."

ఆయన కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నిజం చెప్తున్నాను, విను. నా గ్రాఫులు చూసి డబ్బిచ్చే ఏ కమిటీవాళ్లూ కుర్చీలో సర్దుకుని కూర్చోరు. ఆ ఒక్క స్లైడు చూసి కూర్చుంటారు. నీ ఫెలోషిప్పు పొడిగించింది కూడా అలాగే," అన్నారు.

ఆ చివరి ఏళ్లు నేను తిన్న అన్నం, ఉన్న హాస్టలు, ఆ ఫోటోకు ముడిపడి ఉన్నాయని ఆయన నాకు చెప్పారు. అబద్ధం కాదు. అందుకే అంత మండింది. చివరికి, "తీసేస్తాన్లే," అన్నారు.

ఇంటికి పోయి నాయినకు చెప్పాను. అమ్మ వద్దంది. కానీ ఆయన ఫోటో గురించి ఆయనకు తెలియకపోవడం నాకు నచ్చలేదు. దేశదేశాలవాళ్లు చూస్తున్నారు నాయినా, అన్నాను.

"ఏదీ, సూపియ్యి."

ఫోనులో తీసి ఆయన ఒళ్లో పెట్టాను. ఆయనకు వంగి చూడాల్సిన పనిలేదు, ఎలాగూ వంగే ఉన్నాడు. చాలాసేపు చూశాడు. వేలితో తెరమీద తాకితే అది పెద్దదయింది. వెన్ను మాత్రమే కనపడింది. భయపడి వేలు తీసేశాడు.

"గిట్లున్ననా నేను?" అన్నాడు.

ఆయన ఎప్పుడూ తనను పక్కనుంచి చూసుకోలేదని నాకు అప్పుడు తట్టింది. మా ఇంట్లో ఉన్నది గడ్డం గీసుకునే చిన్న అద్దం. అందులో ముఖం ఒక్కటే కనపడుతుంది. నడుము వంగిందని తెలుసు, నొప్పి తెలుసు, లోకం తనకు ఎలా కనపడుతుందో తెలుసు. లోకానికి తను ఎలా కనపడుతున్నాడో తెలియదు.

"గీ ఫోటో సూసినోళ్లల్ల ఎవలన్న మందు కనిపెట్టిన్రా బిడ్డా?"

"లేదు నాయినా."

"కనిపెడ్తున్నరా?"

"నీ రోగానికి ఎవరూ చూస్తలేరు నాయినా. నీళ్లకు చూస్తున్నరు."

"నీళ్లకైతే నీళ్లను ఫోటో తియ్యాలె గద," అన్నాడు. తర్వాత, గొంతు పెంచకుండానే, "మరి నన్నెందుకు అంగి ఇప్పమన్నరు?" అన్నాడు.

అమ్మ లేచి బయటికి పోయింది. నేను ఫోను తీసుకుని ఆపేశాను. నాయిన ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు. మందు గురించి కూడా అడగడం మానేశాడు. స్నానానికి పోయినప్పుడు తలుపు గొళ్లెం పెట్టుకోవడం మాత్రం అప్పటినుంచే. అంతకుముందు అమ్మ వీపు రుద్దేది. తర్వాత ఆమెను కూడా రానివ్వలేదు. చెయ్యి వెనక్కి పోదు కాబట్టి వీపు మీద సబ్బు అలాగే ఎండిపోయి ఉండేది.

నేను ఆ ల్యాబుకు మళ్లీ పోలేదు. పాలమూరులో ఒక డిగ్రీ కాలేజీలో రసాయనశాస్త్రం చెప్పడానికి చేరాను. అక్కడికి వచ్చిన కొద్దికాలానికే నాయిన కాళ్లు పూర్తిగా పడిపోయాయి. వెన్నులో పెరిగిన ఎముక నరాలను నొక్కేసిందని నల్లగొండ దవాఖానలో చెప్పారు. మంచం పట్టాడు. వంగిన మనిషి వెల్లకిలా పడుకోలేడు, ఎప్పుడూ ఒక పక్కకే పడుకోవాలి. ఆ పక్క నడుము దగ్గర పుండు పడింది. అమ్మ పసుపు పెట్టింది, ఊరి డాక్టరు ఏదో పౌడరు చల్లాడు. పుండు లోతుకు పోయింది.

అప్పుడు మందుల షాపులో నేను అడిగి తెప్పించినది వెండి రేణువుల పట్టీ. వెండిని అంత సన్నగా చేసి గుడ్డలో ఎక్కిస్తారు. చీము పట్టించే క్రిములను చంపుతుంది. ఇది ఎలా పనిచేస్తుందో నాకు బాగా తెలుసు, ఇంకొకరు చెప్పనక్కర్లేదు. శనివారాలు కాలేజీ అయ్యాక బస్సెక్కి వచ్చి నేనే కట్టు మార్చేదాన్ని. అమ్మ చూసి నేర్చుకుని వారంలో మిగతా రోజులు తను మార్చేది. మొదటిరోజు నాయిన దుప్పటి పట్టుకుని వదల్లేదు.

"నేను నీ బిడ్డను నాయినా. ఫోటో తియ్యను."

అప్పుడు వదిలాడు.

పుండు నెమ్మదిగా మానింది. అంచుల నుంచి లేత గులాబీరంగు తోలు లోపలికి పాకుతూ రావడం వారం వారం చూశాను. నేను అన్నేళ్లు చదివిన చదువు మా నాయిన ఒంటికి పనికొచ్చింది ఆ ఒక్క అరచెయ్యంత జాగాలో. అది కూడా నేను చేసిన వస్తువు కాదు, షాపులో దొరికేది. "సల్లగుంది," అన్నాడు ఒకసారి, కట్టు వేస్తుంటే. ఆయన నోటినుంచి నా చదువు గురించి విన్న మంచిమాట అదే.

చలికాలంలో ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరి పోయాడు. పెట్టె చేసే వడ్రంగి కొలతలకు వచ్చి, మామూలు పెట్టెలో పట్టడని అన్నాడు. సాపుగా పడుకోబెట్టడానికి కుదరదు. చర్చి పెద్దలు మాట్లాడుకుని పెట్టెను వెడల్పుగా చేయించి, పక్కకు ఒరిగించి పడుకోబెట్టారు. అంగి తొడగడం కష్టమైంది. వెనక కత్తిరించి తొడుగుదామని ఎవరో అన్నారు. అమ్మ ఒప్పుకోలేదు. "కత్తిరిచ్చిన అంగి నా ఇంటాయనకు ఎయ్యను," అంది. తనే మెల్లగా, ఒక్కో చెయ్యి పట్టుకుని, సగం పొద్దు పట్టినా, నిండు అంగి తొడిగి గుండీలు పెట్టింది.

సార్ సంతాపం చెప్తూ మెసేజ్ పెట్టారు. మంచి మాటలే రాశారు. నేను నమస్కారం అని తిరిగి పంపాను.

మొన్నీమధ్య మా కాలేజీలో చివరి సంవత్సరం చదువుతున్న ఒక అమ్మాయి స్టాఫు రూముకు వచ్చింది. అచ్చంపేట వైపు పిల్ల, తల్లిదండ్రులు గొర్లు కాస్తారు. తెలివైనది. ఎమ్మెస్సీ అయ్యాక పరిశోధన చేయాలని కోరిక. "మేడం, మీరు చేసిన ల్యాబులనే చేస్త. ఎండాకాలం సెలవులల్ల పిల్లలను తీసుకుంటున్నరట, మీరొక మాట చెప్తరా సారుకు?" అంటూ ఫోనులో సార్ ల్యాబు పేజీ తెరిచి చూపించింది.

ఒకప్పుడు పేజీ పైన ఉండే నాయిన ఫోటో లేదు. సార్ మాట నిలబెట్టుకున్నారు. దాని స్థానంలో ఒక ఆడమనిషి ఉంది. రెండు మోకాళ్లూ లోపలికి వంగి, చీర మోకాళ్ల పైదాకా ఎత్తి పట్టుకుని నిలబడింది. కళ్ల మీద నల్ల పట్టీ.

"ఎవరీమె?" అన్నాను.

"పేషెంటు మేడం," అంది ఆ పిల్ల.

ఆమె ఎదుటే సార్‌కు ఫోను చేశాను. చాలాకాలానికి నా గొంతు విని ఆయన నిజంగానే సంతోషించారు. పిల్ల గురించి చెప్పాను. "నువ్వు చెప్పాక ఇంకేముంది, పంపించు," అన్నారు. పెట్టేసే ముందు అడిగాను, ఆ ఫోటోలో ఉన్నామె ఎవరు సార్, ఏ ఊరు అని.

"ఎవరోనమ్మా. ఫీల్డుకెళ్లిన పిల్లలు తీసుకొచ్చారు. ఎందుకు, మీ ఊరావిడా?"

"కాదు సార్," అన్నాను.

ఫోను పెట్టేసి ఆ పిల్లను కూర్చోబెట్టి అంతా చెప్పాను. గోడ, లుంగీ, తెర, నల్ల పట్టీ, అన్నీ. ఆమె తల దించుకుని విన్నది. అంతా అయ్యాక చాలాసేపు చున్నీ అంచు మడతపెట్టి విప్పి మడతపెట్టింది.

"పోవద్దంటరా మేడం?"

"అనడం లేదు."

"నేను పోతా మేడం. గీ అవకాశం మళ్ల దొరకది గద," అంది. మెల్లగా అన్నా గట్టిగానే అంది. నవ్వడానికి ప్రయత్నిస్తూ చెయ్యి నోటికి అడ్డం పెట్టుకుంది.

పొమ్మన్నాను. ఆమె వయసులో, ఆమె ఇంట్లోంచి వచ్చి ఉంటే, ఎవరెన్ని చెప్పినా నేనూ పోయేదాన్ని. పోయాను కూడా.